మా తిరుపతి రొద ఎవరి దగ్గరైనా ఉందా?

సంపాదకులకు నమస్కారం.

మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవం అని మీరు వేసిన పేజీని మా క్లినిక్‌లో గోడకి అంటించాం. బాగుంది. చెవి మిషను పెట్టుకోవడానికి మొహమాటపడకండి అని అందులో రాశారు, అదీ నిజమే. కానీ వేలకి వేలు పోసి కొన్న మిషను రెండు నెలలు తిరక్కుండానే బీరువాలో చీరల మడతల్లోకి ఎందుకు పోతుందో ఆ పేజీలో ఎక్కడా లేదు. నేను తిరుపతిలో ఆడియాలజిస్టుని, అంటే చెవి పరీక్షలు చేసి మిషన్లు అమర్చేవాణ్ణి, అందరూ డాక్టర్ అని పిలుస్తారు గానీ డాక్టర్‌ని కాను. మిషన్లు బీరువా ఎక్కడానికి నా కళ్ళతో చూసిన కారణం ఒకటి చెప్పి, మిషన్లు సరిగ్గా పరీక్షించడానికి మన ఊళ్ళ రొద రికార్డింగులు కావాలని మీ పాఠకులని సాయం అడుగుదామని ఈ ఉత్తరం. పొడుగైంది. కోయాలంటే మధ్యలో కోయండి, చివర అడిగింది మాత్రం ఉంచండి.

గోవిందరాజస్వామి గుడి వైపు పూలమ్మే ఒకావిడ మా దగ్గరికి వస్తుంది. అరవై దాటాయి, రెండు చెవులకీ మిషన్లు. సౌండ్ ప్రూఫ్ రూములో కూర్చోబెట్టి స్పీకర్లో మాటలు వినిపించి తిరిగి చెప్పమంటే దాదాపు అన్నీ చెప్పేస్తుంది, చెప్పి ఇంకా ఉన్నాయా అన్నట్టు చూస్తుంది. కాగితం మీద అంతా బ్రహ్మాండం. పోయిన నెల ఆవిడ మళ్ళీ వచ్చింది, మిషన్లు రెండూ కొంగు చివర ముడేసుకుని. ఏమైందమ్మా అంటే, అంగట్లో ఒకాయన వచ్చి కనకాంబరాలు చూపించి "మూరివ్వమ్మా" అన్నాడట, ఈవిడకి "మూడివ్వమ్మా" అని వినపడింది. మోచేతికి చుట్టి మూడు మూరలు కొలిచి దారం తెంచేసింది. నేనడిగింది మూరే కదా అని ఆయన, కాదు మూడన్నావు అని ఈవిడ. మిగిలిన రెండు మూరలూ తర్వాత ఇంకెవరికో అమ్ముకుందట, పైసా నష్టం లేదు, కానీ పక్కంగడి కుర్రాడు నవ్వాడు. అదీ బాధ. మిషన్లు ముడి విప్పి నా టేబుల్ మీద పెట్టి, "ఆ గాజు రూములో కూసోబెట్టి అడిగితే ఎవురైనా చెప్తారు నాయనా, నా అంగడి కాడికొచ్చి అడుగు" అంది.

నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మీరే పైకి అని చూడండి. మూర ఇవ్వమ్మా, మూడు ఇవ్వమ్మా అని విడివిడిగా అంటే చివరి అచ్చులో తేడా ఉంది, కానీ బజార్లో ఎవరూ అలా అనరు, కలిపేస్తారు, కలిపేసరికి ఆ అచ్చు కాస్తా ఎగిరిపోయి మిగిలేది ఒక్క ర, ఒక్క డ. రెండూ నాలుక అంగిట్లో తగిలీ తగలనట్టు తగిలితే వచ్చేవే, రెప్పపాటు కూడా ఉండవు. నిశ్శబ్దంలో ఆ తేడా పట్టడానికి ఆవిడ మిషను సరిపోతుంది. అదే క్షణంలో వెనకాల ఆటోవాడు హారన్ కొడితే ఆ ముక్క ఇక లేదు, మిగతాది ఆవిడ బుర్ర ఊహించుకోవాల్సిందే, బుర్ర మూడు అని ఊహించింది. లాభసాటి ఊహే లెండి.

రొద పెట్టి చేసే పరీక్షలు మాకు లేవని కాదు. మాట రొద కంటే ఎంత పైన ఉంది అన్నది డెసిబెల్స్‌లో, అంటే మోతని కొలిచే అంకెల్లో, చెబుతాం. రెండూ సమానమైతే సున్నా, మాట పైన ఉంటే ప్లస్, రొద పైన ఉంటే మైనస్. మంచి చెవి సున్నా దగ్గర, కొన్ని రకాల రొదలో ఇంకా కిందికి పోయినా, వాక్యంలో సగం మాటలైనా పట్టుకుంటుంది. దెబ్బతిన్న చెవికి మాట అంతకంటే చాలా పైన ఉంటే గానీ అందదు. మరి మిషను ఏం చేస్తుంది? మాటనీ పెంచుతుంది, రొదనీ పెంచుతుంది, రెండిటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఇప్పటి మిషన్లలో రెండేసి మైకులుంటాయి, ఎదురుగా వచ్చే మాటని ఉంచి వెనక నుంచి వచ్చే రొదని తగ్గిస్తాయి, హోటల్లో మొహం గోడ వైపు పెట్టుకుని కూర్చుంటే ఆ ఉపాయం బాగానే పనిచేస్తుంది కూడా. మా పూలావిడకి వెనక గోడ, ఎదురుగా కొనేవాడు, కొనేవాడి వెనక రోడ్డు. బేరమూ రొదా ఒకే దిక్కు నుంచి వస్తుంటే ఆ మైకులు దేన్ని ఉంచాలి, దేన్ని తగ్గించాలి? నా గాజు రూములో ఈ సంగతి ఏ రోజూ బయటపడలేదు, ఎందుకంటే అక్కడ రోడ్డు లేదు.

ఆవిడని నిజంగానే అంగట్లో పరీక్ష చేద్దామా అంటే రొద ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు, ఈ వారం మార్కులకీ వచ్చే వారం మార్కులకీ పోలిక కుదరదు. కాబట్టి రొదనే రికార్డు చేసి తెచ్చుకోవాలి. రూములో ఆవిడ చుట్టూ నాలుగు స్పీకర్లు పెట్టి, బజార్లో ఎంత మోతగా ఉందో అంతే మోతగా వినిపిస్తూ మాటలు చదవాలి. మిషను సెట్టింగ్ మార్చి మళ్ళీ అదే రొదలో ఇంకొన్ని మాటలు. అప్పుడు ఏ సెట్టింగ్ పనికొచ్చిందో లెక్క తేలుతుంది. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు, చాలా దేశాల్లో చేస్తున్నదే, మన దగ్గర కూడా చదువుకున్న వాళ్ళందరికీ తెలిసిందే. నాకు కావలసిందల్లా రొద. "తిరుపతిలో రొదకి కరువా!" అని మా ఆవిడ నవ్వింది. నేనూ అదే అనుకున్నా.

మొదట రెడీమేడ్‌గా దొరికేవి వెతికాను. 1990ల మొదట్లో నెదర్లాండ్స్‌లో రికార్డు చేసిన నాయిసెక్స్-92 అనే పాత రొద రికార్డింగుల సెట్టు ఒకటుంది, పరిశోధనా పత్రాల్లో ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది. అందులో గుంపు మాటల రొద ఉంది, బ్యాబుల్ అంటారు దాన్ని, ఒక క్యాంటీన్లో వంద మంది మాట్లాడుకుంటుంటే తీసింది. దానితో పాటు ఎఫ్-16 విమానం కాక్‌పిట్, లెపర్డ్ ట్యాంకు, మెషిన్ గన్ను. సైన్యం వాళ్ళ రేడియో మాటల గురించి ఆలోచించినవాళ్ళు చేసిన సెట్టు మరి. కారు శబ్దం కూడా ఉంది, వోల్వో 340, నాలుగో గేరు, గంటకి 120 కిలోమీటర్లు, వానలో తారు రోడ్డు. ఎంత శ్రద్ధగా రాసుకున్నారో చూడండి, ఆ శ్రద్ధకి దండం పెట్టాల్సిందే. కానీ మొత్తం విన్నాను, ఒక్క హారన్ లేదు! మా వాళ్ళకి కారులో మాట వినపడకపోవడానికి కారణం హారన్, తెరిచిన అద్దం, డ్రైవర్ పెట్టిన పాట. కొండ మీదకి ఎక్కే బస్సు రెండో గేర్లో మూలుగుతుంది, నాలుగో గేర్లో కాదు. క్యాంటీన్ రొద మా క్లినిక్‌లో పనిచేసే అమ్మాయికి వినిపించి ఇదేంటో చెప్పమన్నా. "ఎక్కడో మీటింగ్ అయిపోయి అందరూ లేస్తున్నారు సార్" అంది. మన హోటల్లో ప్లేటు టేబుల్ మీద విసిరినట్టు పెట్టే చప్పుడు, "రెండు ఇడ్లీ ఒక వడా" అని లోపలికి వేసే కేక, గ్లాసుల బకెట్టు, ఇవేవీ లేకపోతే ఆ పిల్లకి అది హోటలని ఎలా తెలుస్తుంది పాపం.

తర్వాత 2013లో వచ్చిన డిమాండ్ అనే సెట్టు చూశాను, పదహారు మైకులతో తీశారు, వంటిల్లు, ఆఫీసు, మెట్రో, కాఫీ అంగడి అన్నీ ఉన్నాయి, నాణ్యత అద్భుతం. ఫ్రాన్స్ వాళ్ళది. ఆ వంటింట్లో కుక్కర్ విజిల్ లేదు, గ్రైండర్ లేదు, పోపు చిటపట లేదు. బార్సిలోనాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు 2005 నుంచి నడుపుతున్న ఫ్రీసౌండ్‌లో ఎవరైనా తాము తీసిన శబ్దాలు పెట్టొచ్చు, మనం ఉచితంగా దించుకోవచ్చు, అయితే ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు, కొన్నిటికి పేరు చెబితే చాలు, కొన్ని వ్యాపారానికి వాడకూడదు, అది చూసుకోవాలి. ఇండియా బజారు అని వెతికితే చాలానే వచ్చాయి. నేను విన్నవాటిలో ఎక్కువ భాగం ఊళ్ళు చూడ్డానికి వచ్చిన వాళ్ళు నడుస్తూ తీసినవి, చెప్పుల చప్పుడు, మైకు మీద వేళ్ళ బరబరా, మధ్యలో వాళ్ళలో వాళ్ళ మాటలు. అన్నిటికంటే చిక్కేమిటంటే అక్కడ మోత ఎన్ని డెసిబెల్స్ ఉందో ఎవరూ రాయలేదు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు సరదాకి తీసుకున్నారు, నేను పరీక్షకి వెతుకుతున్నాను.

మిషన్లు సరిగ్గా పనిచేస్తున్నాయా అని కొలవడానికి అంతర్జాతీయంగా వాడే ఒక మాటల రికార్డింగ్ ఉంది, 2010లో దాని గురించి ప్రచురించారు. ఆరుగురు ఆడవాళ్ళు ఆరు భాషల్లో ఒకే చిన్న కథ చదివితే దాన్ని ముక్కలు ముక్కలు చేసి, అర్థం కాకుండా కలిపి అతికించారు. అమెరికా ఇంగ్లీషు, అరబ్బీ, చైనీస్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్. మన భాష ఒక్కటీ లేదు. అంతకు ముందు 1994లో ఒక పెద్ద పని జరిగింది, పన్నెండు భాషల్లో మనుషులు మాట్లాడేటప్పుడు లావు శబ్దాల్లో ఎంత, సన్నటి శబ్దాల్లో ఎంత శక్తి ఉంటుందో కొలిచి గీత గీశారు. అందులో సింహళం ఉంది. శ్రీలంక దాకా వచ్చి సముద్రం దాటలేదన్నమాట! నవ్వులాటకి అంటున్నాను గానీ, ఆ పనిలో తేలింది ఏమిటంటే భాషలన్నిటికీ ఆ సగటు గీత దాదాపు ఒకేలా ఉంటుందని. అది నిజమే, నేను కాదనను. గొంతుల సగటుతో నాకు గొడవ లేదు. గొడవ ఆ గొంతుల చుట్టూ ఉండే రొదతో.

ఈ ముక్క మా సీనియర్ ఒకాయనతో అంటే, "ఎందుకయ్యా ఇంత తంటా, జోరు వానలా ఒకే తీరుగా ఉండే మామూలు నాయిస్ పెట్టు, అన్ని ఊళ్ళలో అందరూ అదే వాడితే మార్కులు పోల్చుకోవచ్చు" అన్నారు. ఆయన మాటలో బలం ఉంది. బెంగుళూరులో చేసిన పరీక్షకీ నేను చేసినదానికీ పోలిక ఉండాలంటే అది కావాల్సిందే, నేనూ అది మానను. కానీ బజారు రొద ఒకే తీరుగా ఉండదు. బస్సు వెళ్ళాక ఒక ఖాళీ, హారన్‌కీ హారన్‌కీ మధ్య ఒక ఖాళీ. మంచి చెవి ఆ సందుల్లోంచి మాట ముక్కలు ఏరుకుని అతికించుకుంటుంది, దెబ్బతిన్న చెవికి ఆ సందులు అంతగా అక్కరకి రావు. ఇద్దరినీ ఒకే తీరు రొదలో పెడితే ఇద్దరి మధ్య తేడా అసలున్నంత కనపడదు. పూలావిడ కొడుకు ఆవిడ పక్కనే కూర్చుని "నాకు వినపడింది నీకెందుకు వినపడలా" అని విసుక్కోవడానికి కారణం ఆ సందులే, ఆ సంగతి ఆ అబ్బాయికి చెప్పాక కాస్త తగ్గాడు.

ఇంకోటి ఉంది, నాకైతే ఇదే అసలు విషయం. గుంపులో ఒక్కరి మాటనే మనిషి ఎలా పట్టుకుంటాడు అన్నది 1953లో కోలిన్ చెర్రీ అనే ఆయన ప్రయోగాలు చేసి రాసినప్పటి నుంచి నడుస్తున్న ప్రశ్న. వెనక వినపడే మాటలు మనకి అర్థమయ్యే భాషలో ఉంటే మనసు అటు లాగుతుంది, అర్థం కాని భాషలో ఉంటే అంతగా లాగదు. 2007లో అమెరికాలో ఇంగ్లీషు వాళ్ళ మీద చేసి చూశారు, వెనక ఇద్దరు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే పడిన కష్టం, చైనా భాషలో మాట్లాడుతుంటే అంతగా పడలేదు. కాబట్టి మా పూలావిడ వెనక ఇంగ్లీషు గుంపు పెట్టి పరీక్ష చేస్తే ఆవిడకి అది వట్టి హోరు, పాసైపోతుంది. తెలుగు గుంపు పెట్టాలి. తెలుగొక్కటే పెడితే సరిపోతుందా? ఆవిడ అంగడి ముందు పొద్దున్నుంచి పోయేవాళ్ళలో అరవం వాళ్ళెంత మంది, కన్నడం వాళ్ళెంత మంది, ఆవిడ అరవంలో గుక్క తిప్పుకోకుండా బేరం ఆడుతుంది, హిందీలో పూల లెక్క చెబుతుంది. ఈ అన్ని భాషల రొదా ఆవిడ మనసుని లాగేదే. తిరుపతి గుంపు రొద అంటే కనీసం నాలుగు భాషలు, ఏ పాళ్ళలో కలపాలో కూడా ఇక్కడ నిలబడి విన్నవాడికే తెలుస్తుంది. బయటి నుంచి వచ్చే ఏ సెట్టులోనూ ఇది ఉండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు. మనమే చేసుకోవాలి.

సరే మనమే చేసుకుందాం అని ఒకరోజు సాయంత్రం ఫోను పట్టుకుని బస్టాండుకి పోయాను. ఇరవై నిమిషాలు తీశాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోను చేసినవాళ్ళు దాన్ని మనిషి మాట కోసం చేశారు, మిగతాదంతా దాని దృష్టిలో చెత్త. నేను రొద కోసం పోతే అది నాకు సాయం చేస్తున్నాననుకుని రొదంతా శుభ్రంగా తుడిచేసింది! మిగిలింది ఏంటంటే నా వెనక ఎవరో ఫోన్లో "రేణిగుంట దాటినాం" అని చెప్పిన ఒక్క ముక్క, అది మాత్రం గంట కొట్టినట్టుంది. హారన్ మోగిన ప్రతిసారీ మిగతా శబ్దమంతా కుంగిపోయి, రెండు మూడు సెకన్లకి మెల్లగా పైకి లేస్తుంది, ఊపిరి పీల్చి వదిలినట్టు. అది బస్టాండు కాదు, ఫోను లోపల జరిగిన పని. సెట్టింగుల్లో అది ఆపొచ్చంటారు, నా ఫోన్లో ఎక్కడా కనపడలేదు.

రెండోసారి ఒక మిత్రుడి రికార్డర్ అడిగి తీసుకున్నాను, చేతిలో పట్టేది, మైకు మీద బొచ్చు టోపీ ఉన్నది. ఆ బొచ్చు టోపీయే కొంప ముంచింది. అయిదు నిమిషాల్లో చుట్టూ పదిమంది. ఏ ఛానెల్ సార్? ఎప్పుడొస్తుంది సార్? కాఫీలమ్మే కుర్రాడు రోజూ మామూలుగా "కాపీ కాపీ" అని పోయేవాడు నా ముందుకొచ్చి సినిమా డబ్బింగులా రాగం తీశాడు, పోయి ఇంకో పది అడుగుల్లో మళ్ళీ మామూలుగా అరుచుకుంటూ వెళ్ళాడు. సెక్యూరిటీ ఆయన వచ్చి పర్మిషన్ ఉందా అన్నాడు, అడగాల్సిన మాటే, నేనే ముందు రాసి ఇవ్వాల్సింది. మొత్తం ముప్పావు గంటలో పనికొచ్చేది రెండు నిమిషాలు. రెండు నిమిషాలు తిప్పి తిప్పి వినిపిస్తే వినేవాళ్ళు హారన్ ఎప్పుడొస్తుందో కంఠతా పట్టేస్తారు, పరీక్ష పాడవుతుంది. ఒక్కో చోట ఆగకుండా కనీసం అయిదు నిమిషాలు, పదైతే మేలు.

మోత లెక్క సంగతి కూడా చెప్పేస్తా. కాలిబ్రేటర్ అని చిన్న డబ్బా ఉంటుంది, మైకు మూతికి తొడిగితే 1000 హెర్ట్జ్ శ్రుతిలో 94 డెసిబెల్స్ కూత పెడుతుంది. రికార్డింగ్ మొదట్లో ఆ కూత ఒక నిమిషం ఎక్కించి, ఆ తర్వాత రికార్డర్‌లో శబ్దం హెచ్చుతగ్గులు చేసే మీటను అస్సలు కదపకుండా రొద తీస్తే చాలు, రేపు నా రూములో కూతతో సరిచూసుకుని అసలు మోత ఎంతో అంతే వినిపించగలను. అది లేకపోయినా పక్కన సౌండ్ మీటర్ పెట్టి అంకె రాసుకున్నా కొంతవరకు నడుస్తుంది. 3 డెసిబెల్స్ అటూ ఇటూ అయితే శబ్దశక్తి రెట్టింపో సగమో అయిపోతుంది, కాబట్టి చెవికి అందాజుగా సరిపెడతానంటే కుదరదు. అలాగే ఫైలు వేవ్ అయి ఉండాలి, అంటే శబ్దంలో ఏదీ పారేయకుండా దాచే రకం. ఎంపీ3 అయితే మన చెవికి తెలియదని అది కొన్ని శబ్దాలని పారేస్తుంది, ఆ పారేసినవి మిషను మైకుకి కావాలేమో ఎవరు చూశారు. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే అది ఇంకా పిండేయొచ్చు, పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్ డ్రైవ్‌లో వేసివ్వండి, అదే మేలు.

ఇప్పుడు అసలు అడగవలసింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మంచి మైకులున్న వాళ్ళు చాలా మంది ఉన్నారు, నాకు లేదు గానీ వాళ్ళకుంది. పెళ్ళి వీడియోలు తీసే వాళ్ళ హార్డ్ డిస్కుల్లో కళ్యాణ మండపాల రొద గంటల కొద్దీ పడుంది. పాటలు కలిపి ఎడిట్ చేసింది నాకొద్దు, దానికి ముందుది కావాలి, ముఖ్యంగా పంక్తి భోజనాల దగ్గర తీసింది. చెవి మిషను ఉన్నవాళ్ళు ఓడిపోయేది అక్కడే. గట్టిమేళం మోగేటప్పుడు ఎటూ ఎవరికీ ఏమీ వినపడదు, మిషను తీసి జేబులో వేసుకుంటారు, పరవాలేదు. భోజనాల దగ్గర రేకు కప్పు కింద గొంతులన్నీ మోగి మోగి ముద్దయిపోయినప్పుడు ఎదుటివాడు సాంబారా రసమా అంటే తెలియక ఏది పోస్తే అది తింటారు మా పేషెంట్లు, తిని నాతో చెప్పి నవ్వుతారు. రేడియోలో పనిచేసి రిటైరైన వాళ్ళుంటే వాళ్ళకి బయట రికార్డింగ్ ఎలా చేయాలో నాకంటే వందరెట్లు తెలుసు, ఒక్క ఆదివారం నాతో వస్తే చాలు. చిత్తూరు వైపు వాళ్ళు బెల్లం మండీలో వేలం జరిగేటప్పుడు, మామిడి కాయల కాలంలో జ్యూసు ఫ్యాక్టరీ లోపల మిషన్ల దగ్గర తీసివ్వగలిగితే అంతకంటే కావలసింది లేదు. ఫ్యాక్టరీల్లో పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మాట వినాలి కదా. ఇళ్ళల్లో వంటింటి శబ్దం ఎవరైనా తీయొచ్చు, కుక్కరు, మిక్సీ, పైన ఫ్యాను, హాల్లో టీవీ, వీటి మధ్యలో కోడలు అత్తకి చెప్పే మాట. జాతరలో డప్పులు మాత్రం వద్దు, ఏడాదికొకసారి వచ్చేదానికి మిషను సెట్ చేయలేం. తిరుమల గుడి లోపల క్యూలో రొద బాగుంటుందని ఒకరన్నారు, లోపలికి ఫోన్లూ రికార్డర్లూ తీసుకుపోకూడదు, దయచేసి ఎవరూ ఆ ప్రయత్నం చేయకండి.

మనుషుల మాటలు రికార్డవుతాయి కదా, అది తప్పు కాదా అని మీ పాఠకులు అడుగుతారు, అడగాలి కూడా. ఎవరి ఇంటి గొడవలూ నాకు అక్కర్లేదు. ఒక్కరి మాట స్పష్టంగా తెలిసే చోట కత్తిరించేస్తాను, లేదా రెండు మూడు రికార్డింగులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఏ మాటా అర్థం కాని గుంపు అయిపోతుంది. అర్థమయ్యే మాటలు కావలసిన చోట, పైన చెప్పాను కదా మనసుని లాగేవి, అక్కడ మాత్రం ఒప్పుకున్న మనుషుల చేత విడిగా చదివించుకుంటాను. అదీ నిశ్శబ్దంగా ఉన్న రూములో కాదు. రొదలో మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్స్‌లో లొంబార్డ్ అనే చెవి డాక్టర్ 1911లోనే చెప్పాడు. పెంచినప్పుడు గొంతు తీరే మారిపోతుంది, మూర అడిగిన ఆయన కూడా అరిచే అడిగి ఉంటాడు. పోగైన రొదని నా కంప్యూటర్లో దాచుకోను, పేర్లు తీసేసి, ఎక్కడ ఎప్పుడు ఎంత మోతలో తీసిందో రాసి, ఈ పని చేసే ఎవరికైనా ఉచితంగా ఇచ్చేలా పెడతాను. బధిర పిల్లల బడుల్లో టీచర్లకి కూడా పనికొస్తుంది, క్లాసు రూము బయట ఎంత రొద ఉంటే పిల్లకి టీచర్ మాట అందడం మానేస్తుందో చూసుకోవచ్చు.

ఒక మాట సంపాదకులకి మాత్రమే. దయచేసి దీనికి శబ్ద కాలుష్యం అని శీర్షిక పెట్టకండి. 2000 సంవత్సరం నాటి రూల్స్ ప్రకారం వ్యాపార వీధుల్లో పగలు 65 డెసిబెల్స్ దాటకూడదు, ఆసుపత్రులూ బడులూ కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా 50 దాటకూడదు, ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో మీకూ తెలుసు నాకూ తెలుసు, దాని మీద ఇంకెవరైనా రాస్తారు, రాయాలి. నా బాధ అది కాదు. రొద తగ్గేదాకా పూలావిడ అంగడి మూసుకుని కూర్చోలేదు కదా.

ఆవిడ సంగతి చెప్పకుండా ముగిస్తే అడుగుతారు. ప్రస్తుతానికి ఆవిడ స్టూలు కొంచెం తిప్పించాను, గోడకి వీపు కాకుండా భుజం ఆనేట్టు, రోడ్డు ఒక పక్కకి పోయేట్టు. కొనేవాళ్ళు రోడ్డు వైపు కాకుండా పక్కనుంచి వచ్చేలా పూలబుట్ట జరిపాం. కాస్త మేలు అంటుంది, కాస్తే. మిషన్లు మళ్ళీ చెవులకెక్కాయి. ఆవిడ కూర్చునే చోట, ఆవిడ చెవుల ఎత్తులో, రెండు మైకులు పెట్టి పొద్దున బేరం మొదలైనప్పటి నుంచి ఒక గంట తీయాలి. అడిగితే సరేనంది, శుక్రవారం మాత్రం వద్దంది, ఆ రోజు కొనేవాళ్ళు ఎక్కువ, నీ మైకులు చూసి జనం అంగడి దాటి పోతారు నాయనా అంది. వచ్చే బుధవారం పొద్దున ఆరున్నరకి పోతున్నాను. రికార్డర్ ఇచ్చిన మిత్రుడు తీసేసుకున్నాడు, వాళ్ళింట్లో గృహప్రవేశం ఉందట. రెండు మైకులు పట్టే రికార్డర్ ఎవరైనా ఒక్క పూట అరువిస్తే, బొచ్చు టోపీ లేనిదైతే మరీ మంచిది. నా ఫోన్ నంబరూ అడ్రసూ ఈ కవర్లో విడిగా పెట్టాను, అడిగినవాళ్ళకి మీ ఆఫీసు నుంచి ఇవ్వగలరు.

ఇట్లు
ఒక ఆడియాలజిస్టు, తిరుపతి
(పేరు ప్రచురించవద్దని మనవి)